బ్రస్సెల్స్‌లో బాల్టిక్ గొంతు

2003 ఫిబ్రవరిలో ఇరాక్ విషయంలో అమెరికాను బలపరుస్తూ తూర్పు యూరప్‌లోని పది దేశాలు ఓ ప్రకటన చేశాయి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా కూడా అందులో ఉన్నాయి. ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్ మండిపడ్డారు. నోరు మూసుకుని ఉండాల్సిన చోట మాట్లాడారని, యూరోపియన్ యూనియన్‌లో చేరబోతున్న దేశాలను అందరి ముందూ మందలించారు.

2004 మే 1న ఈ మూడు దేశాలూ యూనియన్‌లో చేరాయి. మూడింటి జనాభా కలిపితే అప్పటికి సుమారు 70 లక్షలు. అయినా విదేశాంగ విధానంలో నిర్ణయం ఏకగ్రీవంగా జరగాలన్న నియమం వాటి చేతికి గట్టి ఆయుధాన్నిచ్చింది. 1940 నాటి సోవియట్ ఆక్రమణ, సైబీరియాకు బలవంతపు తరలింపులు ఇంటింటా గుర్తున్న దేశాలివి. రష్యాతో వ్యాపారమే శాంతికి దారి అని నమ్మిన జర్మనీకి వీటి భయం పాతకాలపు పీడకలలా తోచింది.

చేరిన ఏడాదే ఉక్రెయిన్‌లో ఎన్నికల మోసంపై నారింజ విప్లవం వచ్చింది. రాజీ కుదర్చడానికి కీవ్ వెళ్లినవారిలో పోలండ్ అధ్యక్షుడితోపాటు లిథువేనియా అధ్యక్షుడు వాల్దాస్ ఆదమ్కుస్ కూడా ఉన్నారు. 2008లో లిథువేనియా మరింత ముందుకెళ్లి, రష్యాతో కొత్త ఒప్పందంపై చర్చలు మొదలవకుండా అడ్డుపడింది. ఇంధన భద్రత, జార్జియా వివాదాలు ఎజెండాలో ఉండాలని పట్టుబట్టి, మే నెలలో దిగివచ్చింది. ఆగస్టులో రష్యా, జార్జియాల మధ్య యుద్ధం వచ్చింది.

నా దృష్టిలో వీటోకన్నా తోడు కూడగట్టడమే వీటికి ఎక్కువ కలిసొచ్చింది. తూర్పు పొరుగు దేశాలను యూనియన్‌కు దగ్గర చేసేందుకు పోలండ్, స్వీడన్ ప్రతిపాదించిన 'తూర్పు భాగస్వామ్యం' 2009లో ప్రాగ్‌లో మొదలైతే, బాల్టిక్ దేశాలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. 2013 నవంబరులో విల్నియస్ శిఖరాగ్ర సమావేశంలో యూనియన్‌తో ఒప్పందంపై చేయాల్సిన సంతకం నుంచి ఉక్రెయిన్ అధ్యక్షుడు యనుకోవిచ్ వెనక్కి తగ్గడంతోనే కీవ్ వీధులు రగిలాయి.

2022లో ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధంతో బాల్టిక్ దేశాల హెచ్చరికలకు విలువ పెరిగింది. ఉక్రెయిన్‌కు ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు పంపాలన్న ఆలోచన ఎస్టోనియాదే. 2023 మార్చిలో యూనియన్ దాన్ని ఆమోదించింది, గడువుకు సగమే అందాయి. ఎస్టోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్ 2024 డిసెంబరు నుంచి యూనియన్ విదేశాంగ విధానాధిపతి. ఆమె తల్లి పసిబిడ్డగా ఉన్నప్పుడే సైబీరియాకు తరలించబడ్డారు.

అయితే అదే ఏకగ్రీవ నియమంతో హంగరీ ఉక్రెయిన్ సాయాన్ని పదేపదే ఆపింది. అందుకే దాన్ని సడలించి మెజారిటీతో తేల్చాలన్న వాదన బలపడింది. అలా చేస్తే ఇవాళ ఉక్రెయిన్‌కు మేలు. రేపు మాస్కోతో రాజీకి పెద్ద దేశాలు తొందరపడితే, అడ్డుకునే హక్కు మాత్రం ఈ మూడింటికీ ఉండదు.