సిమ్లా కప్పు, బొంబాయి కప్పు, కలకత్తా షీల్డు

భారతదేశమున ఫుట్‌బాలు ఆట వేళ్లూనుకొనుచున్న కాలములో, దేశమంతటికిని మేటి జట్టు ఏదని యడిగినచో మూడు పట్టణములు మూడు సమాధానములు చెప్పెడివి. సిమ్లా డ్యూరాండు కప్పును చూపెడిది. బొంబాయి రోవర్సు కప్పును చూపెడిది. కలకత్తా ఐ.ఎఫ్.ఏ. షీల్డును చూపుటయే గాక, ఆటను పాలించు హక్కు సైతము తనదేయని వాదించెడిది. ఈ మూడు పోటీలును 1888 మొదలు 1893 వరకు గల అయిదేండ్లలోనే పుట్టినవి. ఇంగ్లండులో 1871లో మొదలైన ఎఫ్.ఏ. కప్పు ఒక్క సంఘము క్రింద, ఒక్క నియమావళితో నడచుచుండెను. మన దేశములో ఆ పద్ధతిని తెచ్చినవారు కప్పును తెచ్చిరి గాని సంఘమును తేలేదు. చిక్కంతయు అచ్చటనే మొదలయ్యెను.

ఈ కథలో మొదటి పాత్ర ఒక కార్యదర్శి యగుట సెక్రటేరియటు వారికి ముచ్చట గొలుపు విషయము. సర్ హెన్రీ మార్టిమర్ డ్యూరాండు 1884 నుండి 1894 వరకు భారత ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శిగా నుండెను. 1893లో కాబూలు అమీరు అబ్దుర్ రహమానుతో ఒడంబడిక చేసికొని సరిహద్దు రేఖను గీయించినవాడు ఈయనయే. ఆ రేఖను గూర్చిన తగవు నేటికిని తీరలేదు. ఈయన పెట్టిన కప్పు కొరకు మాత్రము నేటికిని జట్లు పోరాడుచునే యున్నవి. 1864 నుండి సిమ్లా వేసవి రాజధాని. ఏటేట ఎండలు ముదురగానే వైస్రాయి, ఆయన వెంట కార్యదర్శులు, కాగితపు కట్టలతో గుమాస్తాలు కొండ యెక్కెడివారు. ఆ కొండలలో సమతలమైన నేల దొరకుట అరుదు. దేవదారు చెట్ల నడుమ పల్లమున నున్న అన్నాండేలు మైదానములో 1888లో మొదటి పోటీ జరిగెను. రాయల్ స్కాట్సు ఫ్యుసిలియర్సు దళము హైలాండు లైట్ ఇన్‌ఫాంట్రీ దళమును 2-1 గోళ్లతో ఓడించి కప్పు గెలుచుకొనెను.

ఆ పోటీ సైనిక దళములకు ఏర్పడినది. వరుసగా మూడేండ్లు గెలిచిన దళమునకు కప్పు సొంతమగునని నియమము. హైలాండు లైట్ ఇన్‌ఫాంట్రీ 1893, 1894, 1895 సంవత్సరములలో గెలిచి కప్పును తీసికొనిపోయెను. డ్యూరాండు మరియొక కప్పు చేయించి యిచ్చెను. 1897 మొదలు 1899 వరకు బ్లాక్ వాచ్ దళము గెలిచి దానిని కూడ కైవసము చేసికొనెను. ఇక మూడవ కప్పును ఎవరికిని శాశ్వతముగా నీయరాదని నిశ్చయించిరి. దాత ఉదారుడే కాని, ప్రతి నాలుగేండ్లకు ఒక వెండి కప్పు ఇచ్చుచు పోవుట ఎంతవారికైనను భారమే గదా!

బొంబాయిలో రోవర్సు కప్పు 1891లో మొదలయ్యెను. మొదటి విజేత వూస్టర్‌షైరు దళము. ఇదియు తొలినాళ్లలో సైనికుల ఆటయే. ఈ రెండు కప్పులకును ఒకే దౌర్బల్యము గలదు. తెల్లదొరల దళములు ఒకచోట నిలుచునవి కావు. ఈ యేడు సిమ్లాలో గెలిచిన దళము కొలదికాలమునకే బర్మాకో, స్వదేశమునకో బదిలీ కావచ్చును. విజేతకు ఊరు లేదు, తనదని చెప్పుకొను జనము లేదు. అట్టి విజేతను దేశమునకు మేటి జట్టని పిలుచుట పేరునకే గాని, దేశమునకు దానితో పని లేకుండెను.

కలకత్తాలో సంగతి వేరు. అచ్చట వర్తకుల విరాళముతో 1889లో ట్రేడ్సు కప్పు మొదలయ్యెను. నగేంద్రప్రసాద్ సర్వాధికారి స్థాపించిన శోభాబజారు క్లబ్బు 1892లో ఆ పోటీయందు ఈస్టు సర్రే దళమును 2-1 గోళ్లతో ఓడించెను. భారతీయుల జట్టు తెల్ల సైనిక జట్టును పోటీలో ఓడించుట అదియే మొదటిసారి. మరుసటి యేడు, అనగా 1893లో, ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషను ఏర్పడి షీల్డు పోటీని ఆరంభించెను. షీల్డును మొదట గెలిచినది రాయల్ ఐరిష్ రైఫిల్సు దళము. సిమ్లా పోటీ వలె గాక కలకత్తా షీల్డులో మొదటినుండియు భారతీయుల జట్టునకు చోటు దొరకెను. ఆ చోటు ఇరుకైనదే, పెత్తనమంతయు తెల్లవారిదే. అయినను సందు సందే. మూడు పోటీలలో వయసున చిన్నదైన కలకత్తా షీల్డు తక్కిన రెండింటికంటె ఖ్యాతి గడించుటకు ఆ సందే కారణము.

1911 జూలై 29న జరిగిన ఆట ఎంత చెప్పినను తరుగని కథ. మోహన్ బగాను జట్టులో పదునొకండుగురకు పదిమంది బూట్లు లేకయే ఆడిరి. జూలై మాసము కలకత్తాలో వానకాలము. బురద నేలపై వట్టికాళ్లు జారును. బూట్లకు పట్టు దొరకును. కనుక వాన కురియలేదన్న వార్తయే ఆనాడు సగము బలము. ఈస్టు యార్క్‌షైరు దళము మొదటి గోలు చేసెను. శివదాస భాదురి దానిని సమము చేసెను. ఆట ముగియు వేళకు అభిలాష ఘోషు రెండవ గోలు చేసి షీల్డును భారతీయులకు తెచ్చెను. మైదానమున చోటు చాలక దూరముగా నిలిచిన వేలాది జనులకు గాలిపటము లెగురవేసి గోళ్ల లెక్క తెలిపిరట. అయిదు మాసములైన తిరుగలేదు, డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు చక్రవర్తి ప్రకటించెను. రాజధాని పోయినను ఫుట్‌బాలు పీఠము మాత్రము కలకత్తాను విడువలేదు.

ఇంత జరిగినను కలకత్తా గుమ్మము పూర్తిగా తెరచుకొనలేదు. 1898లో మొదలైన కలకత్తా లీగులో భారతీయ క్లబ్బులకు 1914 వరకు ప్రవేశమే లేదు. ఆ యేడు మోహన్ బగాను, ఆర్యను క్లబ్బులను రెండవ శ్రేణిలో చేర్చుకొనిరి. మొదటి శ్రేణిలో రెండింటికంటె ఎక్కువ భారతీయ క్లబ్బు లుండరాదని కట్టుబాటు. ఆటలో గెలిచి పైకి వచ్చిన ఈస్టు బెంగాలు క్లబ్బునకు ఈ కట్టుబాటు అడ్డు తగులగా గొప్ప ఆందోళన జరిగి, 1925 నాటికి గాని ఆ చిక్కు వీడలేదు. మైదానమున గెలిచినవానిని కాగితము మీద ఓడించుట కచేరీలలో పనిచేయువారికి తెలియని విద్య కాదు. 1934 మొదలు 1938 వరకు మహమ్మదన్ స్పోర్టింగు క్లబ్బు వరుసగా అయిదేండ్లు లీగును గెలిచి, ఆ కట్టుబాటు దేనికి భయపడి పుట్టెనో చూపినది.

కప్పుల తగవు మన దేశమునకే ప్రత్యేకమని తలచరాదు. ఆ దినములలో పుదుచ్చేరి పట్టణమునందలి ముత్తియాల్‌పేటయు, గౌతమీ తీరమున తెలుగువారు నివసించు యానామును ఫ్రెంచి పతాకము క్రింద నుండెను. ఆ పతాకమునకు పుట్టినిల్లయిన ఫ్రాన్సులో సంగతి మన దానికంటెను చిక్కు. 1894లో యు.ఎస్.ఎఫ్.ఎస్.ఏ. అను క్రీడాసంఘము తొలి ఛాంపియన్‌షిప్పును నడపెను. పాల్గొన్నవి పారిసు క్లబ్బులు మాత్రమే. గెలిచినది అచ్చట కాపురమున్న ఆంగ్లేయుల స్టాండర్డు అథ్లెటిక్ క్లబ్బు. వైట్ రోవర్సుతో మొదటి ఆట 2-2గా సమమై, మరల ఆడి 2-0తో గెలిచిరి. తరువాత కతోలిక యువజన సంఘములవారు వేరుగా ఒక ఛాంపియన్‌షిప్పు పెట్టుకొనిరి. మరికొన్ని సంఘములును అదే దారి పట్టెను. ఒకే యేట ఒకే దేశమునకు నలుగురు విజేతలు! చర్చి వారికిని చర్చి గిట్టనివారికిని గల వైరము, వృత్తిగా ఆడువారికిని సరదాకు ఆడువారికిని గల వైరము, అన్నియు బంతి వెంట పరుగిడినవి.

1907లో షార్లు సిమోన్ అను నాయకుడు ఒక ఉమ్మడి సమితిని ఏర్పరచి, ఒక్కొక్క సంఘపు విజేతను తక్కిన సంఘముల విజేతలతో ఆడించు పోటీని పెట్టెను. అందరికంటె పాతదైన సంఘము బెట్టు చేసి ఫిఫా నుండి వైదొలగి, 1913 వరకు ఈ ఉమ్మడిలో చేరలేదు. చేరిన మరుసటి యేడే మహాయుద్ధము వచ్చెను. 1915లో సిమోన్ యుద్ధరంగమున మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ఏర్పడిన ఫ్రాన్సు కప్పు తొలి అంతిమ పోటీ 1918 మే 5న జరిగెను. 1919లో గాని ఆ దేశమునకు ఒక్క ఫుట్‌బాలు సమాఖ్య ఏర్పడలేదు. దానికి అధ్యక్షుడైన జూల్సు రిమే తరువాత 1930లో ప్రపంచ కప్పును ఆరంభింప జేసెను. ఇల్లు చక్కబెట్టుకొనిన పిమ్మటనే లోకమును పిలుచుట సాధ్యమయ్యెను.

ఫ్రాన్సులో తగవు 1919లో ముగియగా మన దేశమున మరి పదునెనిమిదేండ్లు సాగెను. కలకత్తా అసోసియేషను పేరులో 'ఇండియన్' అనియున్నను దాని పాలన బెంగాలుది. అయినను ఇంగ్లండు సంఘముతో సంబంధము తనకున్నదని చెప్పి, దేశమునకు ప్రతినిధి తానేయని అది పట్టుపట్టెను. 1934లో దక్షిణాఫ్రికాకు జట్టును పంపినదియు అదే. తక్కిన రాష్ట్రములవారును సైన్యమువారును ఇందుకు సమ్మతింపక, 1935లో అఖిల భారత ఫుట్‌బాల్ అసోసియేషను పేరిట వేరు కుంపటి పెట్టిరి. దేశములో ఒక ఆట, రెండు సంఘములు, మూడు పెద్ద కప్పులు! తుదకు 1937 జూన్ 23న సిమ్లాలో, సైన్య ప్రధాన కార్యాలయమున, ఉభయులును కలిసి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను స్థాపించిరి. ఏ కొండమీద మొదటి కప్పు పుట్టెనో ఆ కొండమీదనే రాజీ కుదిరెను. కలకత్తా అసోసియేషను పాత పేరును విడువక బెంగాలు సంఘముగా నిలిచెను. రాష్ట్రముల జట్ల కొరకు సంతోష్ మహారాజు పేరిట ఒక ట్రోఫీ ఏర్పడి 1941లో మొదటి పోటీ జరుగగా బెంగాలే గెలిచెను.

ఈలోగా కప్పుల గుమ్మములును ఒక్కొక్కటిగా తెరచుకొనెను. 1937లో బెంగుళూరు ముస్లిము జట్టు రోవర్సు కప్పును గెలిచెను. 1940లో డ్యూరాండు పోటీ సిమ్లా దిగి ఢిల్లీకి వచ్చెను. వచ్చిన యేడే మహమ్మదన్ స్పోర్టింగు జట్టు రాయల్ వార్విక్‌షైరు దళమును 2-1తో ఓడించి ఆ కప్పును గైకొనెను. అదే యేడు రోవర్సు కప్పును కూడ ఆ జట్టే గెలిచెను. సైనికుల సొత్తుగా ఏండ్ల తరబడి నిలిచిన కోటలు రెండును అప్పటికి కూలినవి.

1948లో సమాఖ్య ఫిఫాలో చేరెను. ఆ యేడు జూలై 31న లండను ఒలింపిక్సులో స్వతంత్ర భారత జట్టు తలపడినది ఫ్రాన్సుతోనే. నాటికి పుదుచ్చేరి యింకను ఫ్రెంచివారి చేతనే యుండెను. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. పెనాల్టీలు రెండు చేజార్చుకొని 2-1తో ఓడిరి. పుదుచ్చేరిలో ఆ పతాకము 1954 నవంబరు 1న దిగెను.

సిమ్లా, బొంబాయి, కలకత్తాలు ఇట్లు పెనగులాడుచుండగా తెలుగునేలకు ఈ త్రికోణములో చోటే లేకుండెను. ఆ చోటును సంపాదించినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దానికి శిక్షకుడు సయ్యదు అబ్దుల్ రహీము, వృత్తిచేత బడిపంతులు. బంతిని తనయొద్ద నుంచుకొని మెలికలు త్రిప్పుట ఆయనకు గిట్టదు. బలహీనమైన కాలితోనే ఆడవలెనని నియమము పెట్టి పోటీలు నడపెను. బంతిని వెంటనే అందింపవలెను, అందించినవాడు వెంటనే ఖాళీ చోటికి పరుగిడవలెను. పెద్ద క్లబ్బులకు ధనము గలదు; హైదరాబాదు ఆటగాండ్రకు పోలీసు కొలువు గలదు. నెలజీతము, ఒక్కచోట నివాసము, ఏండ్ల తరబడి కలిసి సాధన చేయు అవకాశము, ఇవి కలకత్తాలో ఏటేట క్లబ్బులు మారు ఆటగాండ్రకు లేని సదుపాయములు. నాటి తెల్ల దళములకును కొలువుండెను గాని ఊరు లేకుండెను. ఈ జట్టునకు రెండును గలవు.

1950లో యుద్ధానంతరము డ్యూరాండు పోటీ మరల మొదలుకాగా, సిటీ పోలీసులు మోహన్ బగానును ఓడించి కప్పును గెలిచిరి. అదే యేడు రోవర్సు కప్పునూ గెలిచిరి. అంతటితో నిలువక రోవర్సు కప్పును 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచిరి. 1954లోను, 1957లోను డ్యూరాండు మరల వారిదే. నూర్ మహమ్మదు, అజీజుద్దీను వంటి ఆటగాండ్రు భారత జట్టునకు స్తంభములైరి. రహీము శిక్షణలో భారతదేశము 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందెను. 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినను జట్టు ఇంకను పాత పేరుతోనే ఆడుచుండెను. 1961లో ఆంధ్ర పోలీసు అను పేరుతో డ్యూరాండును గెలిచిరి. రహీము 1963 జూన్‌లో మరణించెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ మరియొకసారి సంతోష్ ట్రోఫీని గెలిచెను.

కలకత్తా షీల్డు మాత్రము హైదరాబాదు పోలీసుల చేజిక్కలేదు. సిమ్లావారి కప్పును, బొంబాయివారి కప్పును మాటిమాటికి ఇంటికి తెచ్చినవారికి ఆ షీల్డు అందకుండుట కలకత్తావారు ఇప్పటికిని గర్వముగా చెప్పుకొను మాట. హైదరాబాదువారు మాట మార్చు సందర్భము.

జాతీయ లీగు 1996లో వచ్చిన పిదప కప్పుల ప్రాభవము తగ్గెను. రోవర్సు పోటీ 2000-01తో ఆగిపోయెను. 2014లో ఇండియన్ సూపర్ లీగు మొదలై, అప్పటికే నడచుచున్న ఐ-లీగుతో సమానముగా సాగుటచే, దేశమునకు మరల రెండు ఛాంపియన్‌షిప్పులు ఏర్పడినవి. ఆ చిక్కును ఆసియా సమాఖ్య 2019లో తీర్చి సూపర్ లీగునకు పెద్దరికము నిచ్చెను. అదే యేడు డ్యూరాండు పోటీ ఢిల్లీని విడిచి కలకత్తాకు తరలెను.