ద్విపదపై నొక యాక్షేపము

కాజీపేట యనఁగనే ఉత్తర దక్షిణములను కలుపు రైలుకూడలి మనకు స్ఫురించును. కాని, 19వ శతాబ్దిలో వరంగల్లు కాజీగా నుండిన సయ్యద్ షా అఫ్జల్ బియాబానీగారి సమాధిగల దర్గాయొద్ద దొరకిన కాకతి దుర్గరాజు శాసనము 1098 నాఁటిది. దుర్గరాజు తండ్రియైన రెండవ బేతరాజు, శ్రీశైల మల్లికార్జున శిలామఠమునకు చెందిన కాలాముఖాచార్యుఁడు రామేశ్వర పండితునకు వైజనపల్లి గ్రామమును శివపురమని పేరిడి దానమొసఁగిన వృత్తాంతము ఆ శిలపైఁ గలదు. అది రాజుల శైవము, మఠముల శైవము. తరువాతి కాలమున ఆ శివభక్తియే వీధికి దిగి, పలు కులములవారి నోటఁ బాటయైనప్పుడు, దానికిఁ గావలసిన ఛందస్సు వేఱయ్యెను. ఆ ఛందస్సును ఎన్నుకొన్నవాఁడు ఇదే ఓరుగంటి సీమకు చెందిన పాలకురికి సోమనాథుఁడు; ఎన్నుకొన్నది ద్విపద.

గద్యపద్యముల చంపువే కావ్యమునకు తగిన వేషమని పండితలోకము నమ్ముచున్న కాలమున, బసవపురాణమంతటి మహాగ్రంథమును ఏడాశ్వాసములుగా ద్విపదలో నడపుట సాహసము. ఆ సాహసము ఎంతటిదో తెలియుటకు ద్విపద నిర్మాణమును కొంచెము దగ్గఱగాఁ జూడవలెను. పాదమునకు మూఁడింద్రగణములు, ఒక సూర్యగణము. అట్టి పాదములు రెండు. మూఁడవ గణపు మొదటి యక్షరము పాదము మొదటి యక్షరముతో మైత్రి వహింపవలెను. ఇది యతి, లేక వడి. రెండు పాదములందును రెండవ యక్షరము ఒకే హల్లు కావలెను, ఇది ప్రాస. లక్షణము చూపుటకై నేనే కూర్చిన యీ రెండు పాదములను గమనింపుఁడు:

గుడిముందఁ గూడిన గొల్లలు వినఁగ
నడురేయి నెమ్మది నాదంబు పొలిచె

మొదటి పాదమున ‘గు’కారమునకు ‘గొ’కారము, రెండవదానియందు ‘న’కారమునకు ‘నా’కారము వళ్ళు, ‘డి’, ‘డు’లు ప్రాస. బిగ్గఱగాఁ జదివినచో పాదము నడుమ ఒక మెట్టు తగిలి, అచట ఊపిరి తిరిగి అందుకొనునట్లుండును. ఇప్పుడు ‘గొల్లలు’ తీసివైచి ‘పడఁతులు’ అని నిలుపుఁడు. గణము చెడలేదు. కాని ‘గు’కారమునకు ‘ప’కారమునకు మైత్రి లేదు, వడి తప్పినది. దానికి మాఱుగా ‘గుడి’, ‘పడ’ అను నీ రెండింటి రెండవ యక్షరములు కలిసినవి. ఇదే ప్రాసయతి. సీసము, తేటగీతి, ఆటవెలఁదులయందు ఇది నిర్దోషము. ఏలయన అచట ప్రాసనియమమే లేదు. ప్రాస విధిగాఁ గల కందద్విపదాదులయందు మాత్రము దీనిని లాక్షణికు లొల్లరు. సోమనాథుఁడు ఒల్లెను. యతికి బదులు ప్రాసతోఁ బాదమును నిలుపుకొనవచ్చుననియు, ఆదిప్రాస సడలినను దేశిరీతికి లోపము లేదనియు తన మార్గమును తానే సమర్థించుకొనెను. గ్రంథమును కంటఁ జదువువాని కొఱకుఁ గాక చెవిఁ బెట్టి వినువాని కొఱకుఁ గూర్చువానికి ఈ స్వేచ్ఛ అత్యావశ్యకము. వినువానికి కావలసినది పాదమధ్యమున ఏదో యొక ధ్వని మరల వచ్చి తట్టుట. ఆ ధ్వని గణము మొదటిదా, రెండవదా యని వాఁడు లెక్కింపఁడు.

ఈ స్వేచ్ఛకు శిక్ష ఓరుగంటిలోనే పడినది. తరువాతికాలపు కవి పిడుపర్తి సోమనాథుఁడు చెప్పిన కథ ఇది: ప్రతాపరుద్రుఁడు స్వయంభూదేవుని గుడికి వచ్చినపుడు భక్తులు గుంపుగూడి బసవపురాణము వినుచుండిరఁట. అదేమని రాజడుగఁగా, చెంతనున్న విప్రుఁడొకఁడు, పాలకురికి సోముఁడను పతితుఁడు నడుమ వళ్ళు పెట్టి ద్విపద నల్లినాఁడనియు, అది ప్రమాణము కాదనియు విన్నవించెను. రాజు వినకయే వెడలిపోయెను. ఆ మధ్యవళ్ళు ప్రాసయతులే యని నా తలంపు. మత మేది, కులాచార మేది అను వివాదము మనసులో నుంచుకొని, బయటికి మాత్రము ఛందోదోషమును ఎత్తిచూపిన యా మాట తెలుఁగు సాహిత్యచరిత్రలో మిక్కిలి బాధాకరమైనది. గుడిలోఁ గూర్చున్న యా శ్రోతలకు ప్రమాణములతో పని యేమి? వారికి ఆ కథ తమది, ఆ భాష తమది.

సోమనాథుఁడు శాస్త్ర మెఱుఁగక నియమములు సడలించినాఁ డనుట పొరపాటు. వృషాధిప శతకమున వృత్తములను ఎంత నిర్దుష్టముగా నడపెనో, ప్రతిపద్యము తుదను బసవనామమును ముమ్మాఱు పిలిచి ఎట్లు మకుటము కట్టెనో చూచినవారికి ఈ సందేహము కలుగదు. ఆ మూఁడు పిలుపులు అర్థమును పెంచవు, ఆర్తిని పెంచును. ఒకఁడు చదువుచుండఁగా తక్కినవారందఱు గొంతు కలుపుటకు వీలగు చోటు అదియే. బసవోదాహరణమున పునరుక్తి మఱియొక రూపము తాల్చెను: ప్రథమాది విభక్తు లన్నిటను అదే దైవమును నిలిపి, ఒక్కొక్క విభక్తికి వృత్తమును, దానివెంట రగడ నడకగల కళికోత్కళికలను కూర్చెను. వ్యాకరణమునే జపమాలగాఁ ద్రిప్పినాఁడు.

ఆయన సడలింపవచ్చునన్న ఆదిప్రాస తరువాతికాలమున పూర్తిగా విడువఁబడి, ప్రాసలేని ద్విపద మంజరి యను పేర పల్నాటివీరచరిత్ర వంటి కథలకు వాహనమైనది. పండితలోకమున మాత్రము ద్విపదకు గౌరవము వెంటనే రాలేదు. గుడిలో జరిగిన యవమానమును మనకుఁ జెప్పిన పిడుపర్తి సోమనాథుఁడే బసవపురాణమును ద్విపదనుండి పద్యకావ్యముగా మార్చవలసివచ్చెను. కాని 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి, విపులమైన పీఠికతో ప్రకటించినది పాలకురికివాని ద్విపదనే.