పారిష్ రికార్డులు (స్కాట్లాండ్)

ఒక చర్చి పరిధిలోని గ్రామాల సముదాయాన్ని పారిష్ అంటారు. స్కాట్లాండ్ పల్లెల్లో వంశ చరిత్రను వెతికేవారికి 1855కు పూర్వపు ప్రధానాధారం, ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, వివాహ ప్రకటనలు, ఖననాలు నమోదు చేసిన పాత రిజిస్టర్లే. వీటిలో లభ్యమైన అతి ప్రాచీనమైనది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నాటిది. అయితే చాలా పారిష్‌లలో నమోదు ఆలస్యంగా మొదలై, మధ్యలో తెగిపోయింది. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుపై మూడు పెన్నీల పన్ను ఉండటంతో, దానిని భరించలేని పేదల పేర్లు ఎక్కకుండా పోయిన సందర్భాలున్నాయి. కనుక రిజిస్టరులో పేరు లేనంత మాత్రాన ఆ వ్యక్తి అక్కడ లేడని నిర్ణయించడం పొరపాటు.

ఈ లోటును కొంతవరకు తీర్చేవి చర్చి పాస్టరు, పెద్దలు కలిసి కూర్చునే కిర్క్ సెషన్ అనే సభ కార్యకలాపాల పుస్తకాలు. వివాహేతర సంతానానికి తండ్రి ఎవరన్న విచారణలు, పేదలకిచ్చిన సాయం వీటిలో నమోదై ఉన్నందున, భూమి గానీ బిరుదు గానీ లేని కూలీల, సేవకుల జీవితాలు ఇంత వివరంగా దొరికే చోటు మరొకటి అరుదు. స్థిరాస్తి ఉన్న కుటుంబాలకు భూమి హక్కుల బదిలీలను నమోదు చేసే, 1617లో స్థాపితమైన సేసిన్ రిజిస్టరు ఉపకరిస్తుంది.

1855 జనవరి 1న జనన, మరణ, వివాహాల పౌర నమోదు తప్పనిసరి అయింది. ఆ ఒక్క ఏడాది జనన పత్రాలలో తల్లిదండ్రుల వయసు, జన్మస్థలం కూడా రాశారు. పని భారమవడంతో మరుసటి ఏడాదే ఆ వివరాలను తగ్గించారు. పాత పారిష్ రిజిస్టర్లు నేడు ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ జాతీయ రికార్డుల సంస్థ సంరక్షణలో ఉన్నాయి.