కంటిలోని నెత్తుటి రంగు

రోగి వచ్చి యెదుట కూర్చుండగానే క్రింది కనురెప్పను బొటనవ్రేలితో మెల్లగా క్రిందికి లాగి, అందలి ఎరుపు ఏపాటిదో చూచి, పెదవి విరుచుటయో తల యూచుటయో మన పల్లెవైద్యులకు చిరకాలముగా పరిపాటి. నాడి, మూత్రము, మలము, జిహ్వ, శబ్దము, స్పర్శ, దృక్కు, ఆకృతి అని యోగరత్నాకరము చెప్పిన అష్టస్థాన పరీక్షలో కంటికిని ఒక పీట వేయబడియున్నది. వైద్యకళాశాలయు, ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయమును వెలసిన ఈ బెజవాడ గుణదలలో నేడును, ఎన్ని యంత్రములు వచ్చిన తరువాతను, పరీక్ష తరచుగా ఆ రెప్పను లాగుటతోనే మొదలగును. చూచునది రంగు. ఆ రంగును అంకెగా మార్చవలెనన్న తలంపు ఎక్కడ పుట్టి, ఎన్ని దేశములు తిరిగి, ఏ రూపమున నిలిచినదో చెప్పదగిన ముచ్చట.

చర్మమును కోయక, సూది గ్రుచ్చక, దేహాంతర్భాగమున నెత్తురు పారు ధమనిని సిరను ప్రక్కప్రక్కనే పెట్టుకొని చూడదగిన తావు కనుపాప వెనుకనున్న నేత్రపటలము. డాక్టర్లు రెటీనా అనునది అదియే. తెల్లగ్రుడ్డు మీది ఎర్రజీరలు అందరికిని కానవచ్చునుగాని వానిది వేరు కథ. అయితే ఆ కిటికీ చిరకాలము చీకటిగనే యుండెను. ఏలయన, లోనికి పోయిన వెలుగు పోయిన దారినే తిరిగి వచ్చును. ఆ దారిలో తల పెట్టి చూడబోయినవాని తలయే దీపమునకు అడ్డమగును. 1704లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మేరీ ఒక పిల్లిని నీట ముంచి, నీటిలోనున్నంతసేపు దాని కంటి లోపలి నాళములను చూడగలిగెను. పిల్లి పడిన పాట్లు పిల్లికే ఎరుక. ఆ చిక్కును నెమ్మదిగా విప్పినవాడు జర్మను దేశీయుడు హెల్మ్‌హోల్ట్స్. ఆయన 1850 చివర కోనిగ్స్‌బెర్గులో గాజుపలకలను ఏటవాలుగా నిలిపి, దీపపు వెలుగును వానిమీదనుండి కంటిలోనికి మరల్చి, అదే గాజుగుండ తాను చూచి, 1851లో ఆ సంగతిని గ్రంథరూపమున ప్రకటించెను. మన బెజవాడలో కృష్ణపై ఆనకట్ట పని మొదలైనది ఆ మరుసటి యేడే. ఈ రెంటికిని ఏ సంబంధమును లేదు. కాని కాలువతో నాకు ముందుముందు పని యున్నది గనుక చెప్పి యుంచుచున్నాను.

నెత్తుటి రంగు మాట ఈ లోపల వేరొక బాటను నడచుచుండెను. 1862లో శాస్త్రజ్ఞుడు హోపె-జైలర్ నెత్తుటిగుండ వెలుగును పంపి అందలి ఏ రంగులు మ్రింగబడుచున్నవో కనుగొనెను. 1864లో ఆ వర్ణద్రవ్యమునకు హీమోగ్లోబిన్ అను పేరు పెట్టెను. ప్రాణవాయువును తీసివేసిన నెత్తురు రంగు మారుననియు, మరల ఇచ్చిన పూర్వపు రంగు వచ్చుననియు ఇంగ్లండులో స్టోక్సు నిరూపించినది ఆ 1864లోనే. ప్రాణవాయువును మోయుచున్న హీమోగ్లోబిన్ ఎర్రని వెలుగును అంతగా మ్రింగదు; బరువు దించుకొన్నది మ్రింగును. ధమనిలోని నెత్తురు నిగనిగలాడుటకు, సిరలోనిది నలుపెక్కుటకు కారణమిదియే. 1935లో వైద్యుడు మాథెస్ చెవితమ్మెగుండ వెలుగును పంపి నెత్తుటిలోని ప్రాణవాయువును కొలిచెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున మిలికన్ విమానచోదకుల కొరకు అట్టి యంత్రమునే చేసి దానికి ఆక్సిమీటరు అని పేరిడెను. 1974లో జపానుదేశపు అయొయాగి, నాడితోపాటు ఉబికి తగ్గు నెత్తుటిని మాత్రమే లెక్కించు ఉపాయమును ప్రకటించెను. 2020లో ఆ ఉపాయము ఇంటింట వ్రేలికి తగిలింపబడుచున్న దినములలో, ఏప్రిల్ 18న, ఆయన కన్నుమూసెను.

వ్రేలి యంత్రము మేలు చేసినది, సందేహము లేదు. కాని అది చెప్పునది సగము సంగతి. ఆనకట్ట తూమువద్ద ఎన్ని నీళ్లు వదలిరో తెలిసినంత మాత్రమున, గుణదల ప్రక్కగా పారు ఏలూరు కాలువ క్రింది చేను ఎంత త్రాగినదో తెలియదు; అది తెలియవలెనన్న మురుగు కాలువకు పోయి, దిగిన నీటిని కూడ చూడవలెను. దేహములో ధమని యను ఆ తూమును, సిర యను మురుగు కాలువను ఒక్క చూపున కనబడునట్లు అమరినది కంటియందే.

ఈ మర్మమును పట్టి అంకెకు దించజూచినవారిలో అమెరికా వైద్యుడు హికమ్ ముఖ్యుడు. ఆయన 1959లోను, మరల 1963లోను సహచరులతో కలసి, వేర్వేరు రంగుల వడపోత గాజులగుండ కంటి వెనుకభాగమునకు ఛాయాచిత్రములు తీసి, ఫిల్ముమీద నాళముల ముదురుదనమును కొలిచి, సిరలోని ప్రాణవాయువును లెక్కగట్టెను. ఫిల్ము కడిగి, ఆరబెట్టి, చుక్కచుక్కగా కొలుచు ఆ ఓపిక నేడెవ్వరికున్నదో! 1988లో బోస్టనునందు డెలోరి మూడు రంగుల వెలుగుతో లెక్కను బిగించెను. పిమ్మట డిజిటల్ కెమెరాలు వచ్చి, ఐస్‌లాండు విశ్వవిద్యాలయమున ఐనార్ స్టెఫాన్సన్ బృందము దీనిని ఆస్పత్రిలో వాడదగిన పరికరముగా తీర్చెను. దాని కిటుకు సరళము: 570 నానోమీటర్ల వెలుగును రెండు విధముల నెత్తురును ఒకే తీరున మ్రింగును; 600 వద్ద మాత్రము తేడా చూపును. మొదటిది త్రాసులోని పడికట్టు వంటిది, రెండవది తూచవలసిన సరకు. ఆ తూకమున ఆరోగ్యవంతుల ధమనిలోని హీమోగ్లోబిన్‌లో దాదాపు 92 శాతము, సిరలోని దానిలో 56 శాతము ప్రాణవాయువును మోయుచున్నట్లు తేలినది.

ఇక్కడనే నన్ను ఆశ్చర్యపరచిన సంగతి యొకటి కలదు. మధుమేహముచే రెటీనా చెడినవారి సిరలో ప్రాణవాయువు తగ్గవలెనని మనము తలంతుము, కాని అది పెరిగియుండును. రేచీకటితో మొదలై చూపును హరించు రెటినైటిస్ పిగ్మెంటోసా యందును అంతే. చేను ఎండుచుండగా మురుగు కాలువ నిండుగా పారుచున్నదన్న, నీరు అడ్డదారిని పోయినదనియో, త్రాగవలసిన పైరే చచ్చినదనియో అర్థము. అదే, రెటీనా నడిమి సిర మూసికొనిన వారియందు ఆ అంకె పడిపోవును. వ్రేలికి తగిలించిన యంత్రము వీరందరికిని బహుశః ఒకే అంకెను చూపును.

అయితే రంగును నమ్ముకొన్న విద్యకు రంగే చిక్కు తెచ్చును. నాళము వెనుక తెరవలె నున్న కంటి వెనుకభాగము ఐస్‌లాండువారిలో పాలిపోయి యుండును, మనవారిలో ముదురుగా నుండును. తెర మారిన తూకమును కదలును. వ్రేలి యంత్రములు నల్లని మేనివారియందు ప్రాణవాయువును ఉన్నదానికంటె హెచ్చుగా చూపుట కలదని అమెరికా వైద్యులు 2020 డిసెంబరులో ప్రకటించినపుడు లోకము ఉలికిపడినది. కంటి యంత్రము విషయమున మాత్రము, మన కన్నులకు మామూలు అంకె ఏదో విడిగా తేల్చుకొనవలెనని బెంగుళూరు నారాయణ నేత్రాలయ వైద్యులు ముందే పూనుకొని, భారతీయుల కొలతలను 2015లో ప్రకటించిరి. ఇంతవరకు వచ్చినను ఇది పరిశోధనశాలల గడపను పూర్తిగా దాటలేదు. చుక్కల మందు వేసి కనుపాపను పెద్దది చేసి, రోగిని కదలక కూర్చుండబెట్టి, చిత్రము తీయవలెను. శుక్లము ముదిరిన కన్నులో అంకె కుదురుగా రాదు. గుణదలలో కంటి పరీక్ష ముగించుకొని, మందు దిగని కన్నులతో ఏలూరు రోడ్డు మీదికి వచ్చి, ఎండకు చేయి అడ్డము పెట్టుకొని ఆటో కొరకు నిలుచున్నవాని లోపలి నెత్తుటి రంగును ఇప్పటికిని డాక్టరు చూపే అంచనా కట్టుచున్నది.