జెండర్ సబ్జెక్టుకి సున్నా క్రెడిట్లు

గద్వాల కోటలో ఉన్న డిగ్రీ కాలేజీకి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరే పెట్టారు. సంస్థానం చివరి పాలకురాలు ఆవిడే. రాణి ఏలిన సీమ కదా, ఆడవాళ్ళ చదువు బాగుంటుందనుకుంటాం. 2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలో (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పుడు అందులోవే) అక్షరాలొచ్చిన ఆడవాళ్ళు నూటికి సుమారు 45 మంది.

ఎందుకిలా అని అడిగే చదువే జెండర్ స్టడీస్. అమెరికాలో శాన్ డియాగో స్టేట్ 1970లోనే విమెన్స్ స్టడీస్ మొదలెట్టింది. మన దగ్గర ఇది ఇంజినీరింగ్ వాళ్ళకి ల్యాబ్‌గా వచ్చింది, నమ్మండి! 2015లో జేఎన్‌టీయూ హైదరాబాద్ "టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్" అనే ద్విభాషా పుస్తకాన్ని కాలేజీల్లో ప్రవేశపెట్టింది. రాసినవాళ్ళలో సూసీ తారు, రమా మేల్కోటే, గోగు శ్యామల ఉన్నారు. ఇంటి చాకిరీ గురించీ, కడుపులోనే పోయే ఆడపిల్లల గురించీ ఉంది. ఆడా మగా రెండే అనే లెక్క చాలదనే పాఠమూ ఉంది.

ఆర్18 సిలబస్ తీసి చూడండి. సబ్జెక్టు తప్పనిసరి, క్రెడిట్లు 0. సీజీపీఏలో కలవనిదాన్ని మనవాళ్ళు ఎలా చదువుతారో మీకు నేను చెప్పాలా?

వనపర్తి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. ఇప్పుడు ఆ ఊళ్ళో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంది. అక్కడ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయి పక్కన కూర్చునే కుర్రాడికి ఈ పుస్తకం సీ ప్రోగ్రామింగ్ కన్నా ముందు కావాలి. కనీసం రెండు క్రెడిట్లు పెట్టుంటే తెరిచి చూసేవాడు.