నీళ్ళు కట్టిన ఉదయం

ఎడమ చెయ్యి గోడకి ఆనించి ఎక్కండి. మెట్లకి రెయిలింగ్ ఇంకా పెట్టలేదు. మలుపులో సగం వాడిన సిమెంటు బస్తా ఉంటుంది, చూసుకోండి. ఉదయం ఆరున్నర. ఆర్చి వంతెన మీద గోదావరి దాటుతున్న రైలు చప్పుడు ఇక్కడి దాకా వినిపిస్తోంది.

కొవ్వూరులో మా ఇల్లు ఇది. 1997లో, రైళ్ళు హేవలాక్ వంతెన వదిలి ఈ కొత్త వంతెన ఎక్కిన ఏడాది, నాన్న కింది వాటా కట్టారు. ఎప్పటికైనా పైన వేసుకుంటామని స్తంభాల ఊచలు రెండున్నర అడుగులు పైకి వదిలారు. ఏటా వానలకి ముందు తుప్పు గీకి, వాటికి సిమెంటు పాలు పూసేవారు. డబ్బా నేను పట్టుకునేవాణ్ణి. ఆ ఊచలు ఇప్పుడు కనిపించవు. అదిగో, ఆ మూల స్తంభంలో ఉన్నాయి.

గోనెపట్టాల మీదే నడవండి, కింద కొత్త టైల్స్. పాత పిట్టగోడ మీద కొత్త గోడ లేచిన చోట ఒకసారి ఆగండి. పాతదీ కొత్తదీ ఎండకి ఒకేలా సాగవు, ఒకేలా కుంగవు. పగులు వచ్చేది సరిగ్గా ఆ అతుకులోనే. అందుకని అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు చికెన్ మెష్ కొట్టించి పూత వేయించాను. దానికోసం ఒక పూట పని ఆగింది. ఆగినా మంచిదే.

ఇక బాత్రూం. గుమ్మం దగ్గరే నిలబడండి, లోపల నేల అడుగు లోతున ఉంది. పైపులు వేసి, కెమికల్ కలిపిన సిమెంటు రెండు పూతలు వేసి, పైపు మూతికి గుడ్డ కుక్కి నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు కట్టారు. నిన్నటికి ఒక రోజు, ఇవాళ్టికి రెండు. ఇలా కట్టడం ఇది రెండోసారి. మొదటిసారి తెల్లారేసరికి కింద అమ్మ వంటింటి సీలింగు మీద అరచేతంత తడి. పైపు స్లాబు దాటే చోట సందు ఉంది. మేస్త్రి ఆ చుట్టూ తవ్వి, కుంచించుకుపోని గ్రౌట్ నింపి, మళ్ళీ పూత వేశాడు.

గోడ మీద పెన్సిలు గీత చూశారా? నీళ్ళు గీతకి వెంట్రుకవాసి కిందున్నాయి. నా గుండె ఝల్లుమంటోంది. మేస్త్రి మాట్లాడకుండా తలపాగా విప్పుతున్నాడు.

"ఆ బేసిన్ చూడండ్రా," అంటున్నారు నాన్న. ఆయన సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. నొప్పి మోకాళ్ళతో ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. మొన్న ఆ నీళ్ళ పక్కనే బేసిన్ నిండా నీళ్ళు పోయించి, దానికీ గీత గీయించింది ఆయనే. వంగి చూస్తాను. అందులోనూ సరిగ్గా వెంట్రుకవాసే తగ్గింది. అంటే గాలికి ఆవిరైందే తప్ప కిందికి దిగలేదు.

"అమ్మా, కాగితం?" అని కేకేస్తాను. పొయ్యి గట్టు మీద నిన్న రాత్రి పరిచిన దినపత్రిక తీసిన చప్పుడు. తడిమి చూస్తోందేమో, కొంచెం ఆలస్యం. "పొడిగానే ఉందిరా! సీలింగూ పొడిగానే ఉంది!"

టైల్స్ అబ్బాయి అప్పటికే కింద ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు. పెయింటర్ మాత్రం వదలట్లేదు: "ముహూర్తం తొమ్మిది రోజులే ఉందండి, ఇవాళే లప్పం పెట్టేస్తాను." హాలు గోడ మీద చెయ్యి వేయండి. చల్లగా, కాస్త జిగటగా లేదూ? పూత వేసి రెండు వారాలైనా కాలేదు. లోపలి తడి ఆరకుండా లప్పంతో మూసేస్తే, వచ్చే వానలకి రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. నెల ఆగాలని నాకు తెలుసు. కానీ చుట్టాలందరూ వచ్చే రోజున బూడిదరంగు గోడలు! అమ్మ మొహం గుర్తొచ్చి నోరు పెగలడం లేదు.

"పాలు పొంగించడానికి పొయ్యి కావాలి గానీ రంగెందుకయ్యా?" అంటున్నారు నాన్న. "మామిడాకులు కట్టుకుంటాం. నువ్వు వచ్చే నెల రా."

పెయింటర్ నావైపు చూస్తాడు. నేను తలూపుతాను. నెల రోజులుగా గుండెల మీదున్న బరువు దిగినట్టుంది.

"తీసెయ్యమంటారా మేస్టారండీ?" మేస్త్రి అడుగు లోతు గుంతలోకి దిగి, చెయ్యి నీళ్ళలో ముంచి గుడ్డ లాగుతాడు. ముందు ఏమీ జరగదు. తర్వాత గుడగుడమంటూ ఒక చిన్న సుడి. నీళ్ళు నాలుగు మూలల నుంచీ కదిలి పైపు వైపు వెళ్తున్నాయి. కింద డ్రైనేజీ గుంతలో పడుతున్న చప్పుడు వింటూ నాన్న కళ్ళు మూసుకున్నారు.

బేసిన్ నీళ్ళు పారబోయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. లేచి, గోడ పట్టుకుని, రెండు చేతులా బేసిన్ మోసుకుంటూ వరండా చివరికి నడిచారు. అక్కడ అమ్మ నిన్న తెచ్చి పెట్టించిన కరివేపాకు కుండీ ఉంది. నీళ్ళన్నీ దాని మొదట్లో పోశారు.