విచ్చుకునే వేట తూటాలు – కలప అడ్డులు

విచ్చుకునే తూటా అంటే జంతువు ఒంట్లోకి దిగగానే మూతి విడి, పుట్టగొడుగులా వెడల్పయ్యేలా తయారుచేసిన తూటా. ఈ వ్యాసంలో తూటా అన్న మాట గొట్టంలోంచి దూసుకుపోయే గుండుకే వర్తిస్తుంది. మందు, గుల్లతో కూడిన కార్ట్రిడ్జ్‌కు కాదు. పలక, ప్లైవుడ్, చెట్టు మాను, కొమ్మ వంటివి అడ్డొచ్చినప్పుడు ఈ తూటా మాంసంలో ఉన్నట్టు ఉండదు. ఒక్కోసారి చదునై తొందరగా ఆగిపోతుంది, ఒక్కోసారి అసలు విచ్చుకోకుండానే అవతలికి వెళ్తుంది. ఏది జరుగుతుందన్నది తూటా నిర్మాణం, వేగం, కలప రకం తేలుస్తాయి.

నిర్మాణం

పూర్తి తొడుగు తూటాలో సీసపు గుండును మూతి నుంచి గట్టి లోహం కప్పి ఉంచుతుంది. సాఫ్ట్ పాయింట్ రకంలో మూతి దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. హాలో పాయింట్ రకంలో అక్కడ చిన్న గుంట ఉంటుంది. అతిగా విచ్చుకుని ముక్కలైపోవడం వేటగాళ్ళను చాలాకాలం వేధించిన లోపం. 1939లో వచ్చిన రెమింగ్టన్ కోర్-లాక్ట్, 1948లో వచ్చిన నాస్లర్ పార్టిషన్ దానికి జవాబుగా పుట్టినవే. పార్టిషన్‌లో ముందు సీసానికీ వెనక సీసానికీ మధ్య లోహపు గోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం నిలుస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, బురద పట్టిన మూస్ (పెద్ద జాతి దుప్పి) మీద తన తూటాలు లోపలికి దిగకపోవడం చూశాకే దాని రూపకర్త జాన్ నాస్లర్‌కు ఈ ఆలోచన వచ్చిందని ఎక్కువమంది రాశారు.

చరిత్ర

మూతి గుంట ఉన్న సీసపు తూటాలు 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళలో వాడుకలో ఉన్నాయి. విషయం లోకం నోట పడింది మాత్రం కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాల వల్ల. 1895 చిత్రాల్ దండయాత్రలో .303 మార్క్ 2 పూర్తి తొడుగు తూటా మనిషిని ఆపడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయుధశాల అధికారి కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే మూతి తొడుగు తీసేసిన తూటాను రూపొందించాడు. ఇది 1896 నాటిదని కొందరు, 1897 నాటిదని కొందరు అంటారు. రూపకల్పనకు మొదటి తేదీ, విరివి తయారీకి రెండోది సరిపోతాయనుకుంటే ఈ తేడా చాలావరకు తీరుతుంది.

ట్యూబింగెన్ శస్త్రవైద్యుడు పాల్ ఫాన్ బ్రున్స్ ఈ రకం తూటాలు చేసే గాయాల మీద ప్రయోగాలు చేసి ప్రచురించాడు. ఆయన వాడినవి డమ్‌డమ్ తూటాలు కావనీ, అంతకంటే ఎక్కువ సీసం బయటికి ఉన్న వేట తూటాలనీ బ్రిటిష్ వైద్యుడు అలెగ్జాండర్ ఓగ్‌స్టన్ అభ్యంతరం చెప్పాడు. ఓగ్‌స్టన్ మాటలో న్యాయం ఉందనిపిస్తుంది. మనిషి ఒంట్లో సులువుగా విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడరాదని 1899 హేగ్ ప్రకటన చెప్పింది. బ్రిటన్ 1907లో దానికి కట్టుబడింది. వేటకు ఆ ప్రకటన వర్తించదు.

కలపలో జరిగేది

మాంసంలో నీటి పాలు ఎక్కువ. తూటా వేగంగా దిగినప్పుడు ఆ తడి కణజాలం మూతి మీద నలువైపులా ఒత్తిడి తెస్తుంది, గుంటలోకి చొచ్చి అంచులను బయటికి తోస్తుంది. కలప ఎండిన పీచు. అది పారదు, నలుగుతుంది, చీలుతుంది. పలకల దొంతరలోంచి తీసిన హాలో పాయింట్ తూటాను చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి బోధపడుతుంది. గుంట నిండా పీచు రంపపు పొట్టు కూరినట్టు గట్టిగా దిగి ఉంటుంది, సీసాకు బిరడా బిగించినట్టు. అంచులు విడవకపోతే తూటా తన పాత వ్యాసంతోనే సాగిపోతుంది, ఆ తర్వాత మాంసం తగిలినా విచ్చుకోకపోవచ్చు. వేగం తక్కువగా ఉండే పిస్తోలు తూటాల్లో ఇది తరచు కనిపిస్తుంది.

రైఫిల్ సాఫ్ట్ పాయింట్ కథ వేరు. దగ్గరి దూరంలో, అధిక వేగంతో తగిలితే మెత్తని సీసం కలప మీద కూడా చదునవుతుంది. మూతి వెడల్పయ్యేకొద్దీ ఎదురు పెరిగి తూటా తొందరగా ఆగుతుంది.

పలకల పరీక్ష

తూటా ఎన్ని పైన్ పలకలు దాటిందన్నది ఒకప్పటి అమెరికన్ కొలత. ఒక్కో పలక మందం 7/8 అంగుళం, అంటే సుమారు 22 మి.మీ. పాత క్యాటలాగుల్లో పూర్తి తొడుగు తూటాకు, సాఫ్ట్ పాయింట్‌కు లెక్కలు విడివిడిగా ఉండేవి. మొదటిది రెండోదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పలకలు దాటేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ శిక్షణ పుస్తకాలు .303 మార్క్ 7 తూటా ఓక్‌లో 38 అంగుళాలు, ఫర్‌లో 58 అంగుళాలు దిగగలదని సైనికులను హెచ్చరించాయి.

దగ్గరైతే ఎక్కువ దిగుతుందన్నది అన్నివేళలా నిజం కాదు. అమెరికా సైన్యపు 1906 నమూనా మొనదేలిన తూటా ఓక్‌లో 50 అడుగుల నుంచి సుమారు 11 అంగుళాలు, 200 గజాల నుంచి సుమారు 32 అంగుళాలు దిగిందని అమెరికా సైనికాధికారి జూలియన్ హాచర్ నమోదు చేశాడు. వేగం వల్ల తూటా నలగడమే కారణమని ఒక వాదం. గొట్టం దాటిన కొత్తలో తూటా బొంగరంలా ఊగుతూ ఉంటుందనీ, దూరం వెళ్ళేకొద్దీ నిలకడ పడుతుందనీ మరో వాదం. పూర్తి తొడుగు తూటా విషయంలో రెండోదే బలంగా కనిపిస్తుంది.

1986లో మయామీలో తన ఏజెంట్లకూ దొంగలకూ మధ్య జరిగిన కాల్పుల తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పెట్టిన పరీక్షల్లో 3/4 అంగుళం ప్లైవుడ్ ఒక అడ్డు. దాన్ని దాటిన తూటా వెనకున్న జెలటిన్ దిమ్మలో కనీసం 12 అంగుళాలు దిగాలి. సీసాన్ని తొడుగుకు అతికించిన తూటాలకు, మూతి గుంటలో ప్లాస్టిక్ నింపిన తూటాలకు ఆదరణ పెరగడానికి ఇలాంటి పరీక్షలు తోడ్పడ్డాయి.

పొదలు, కొమ్మలు

బరువైన, మొండిమూతి తూటా పొదలను చీల్చుకుని నేరుగా పోతుందన్న నమ్మకం వేటగాళ్ళలో బలంగా ఉంది. సన్నని కర్రలు నాటి చేసిన పరీక్షలు దీన్ని పెద్దగా సమర్థించలేదు. అన్ని రకాలూ ఎంతో కొంత దారి తప్పాయి. కొమ్మకూ జంతువుకూ మధ్య దూరం ఎంత పెరిగితే గురి అంత తప్పుతుంది. గాయపడి పొదల్లోకి పారిపోయిన జంతువు బాధ తలచుకుంటే, కొమ్మల మధ్యనుంచి కాల్చరాదన్న పాత కట్టుబాటు విలువ తెలుస్తుంది.

భారతదేశంలో

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ప్రాణహాని, పంటనష్టం వంటి సందర్భాల్లో అధికారుల అనుమతితోనే మినహాయింపు ఉంటుంది. అలాంటి అనుమతి ఉన్నవారైనా, షూటింగ్ రేంజిలో సాధన చేసేవారైనా గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది: విచ్చుకునే తూటా కదా, పలకలో ఆగిపోతుందిలే అనుకోకూడదు. గురి వెనక తలుపో చెక్క గోడో ఉంటే చాలదు, మట్టికట్ట ఉండాలి.